ఆకాశంలో స్కూటర్ మలుపు

విశాఖ బీచ్‌లో ఒకటే ఈలలు. వాయుసేన విన్యాస దళంలోని తొమ్మిది విమానాల్లో ఎనిమిది వాటంతట అవే ఎగురుతాయి. ఒక్కదాన్ని మాత్రం మా అమ్మాయి హిమజ నడుపుతోంది. ఈరోజు వరుస చెదిరితే ఆ సీటూ తీసేస్తారు.

"మీ పాప ఏదండీ మాస్టారూ?" అంది పక్కింటి వరాలమ్మ.

"మలుపులో తెలుస్తుంది."

బళ్లను మనుషులే నడిపిన రోజుల్లో, పోయిన మా ఆవిడ స్కూటర్‌ని కుడికి తిప్పేముందు కాస్త ఎడమకు ఒరిగేది. హిమజకూ అదే అలవాటు.

మలుపులో ఒక విమానం అలాగే ఒరిగింది. ఇక వరుస చెదిరినట్టే అనుకున్నాను. ఆ క్షణంలోనే మిగతా ఎనిమిదీ ఒరిగాయి! రోజూ హిమజ పక్కన ఎగిరి, వాటికీ ఆ అలవాటు అంటుకుంది. వరుస చెదరలేదు.

"అన్నీ ఒరిగినాయి గదండీ, ఇందులో మీ పాప ఏదీ?"

"ఏదైతేనేం వరాలమ్మా!" అంటూ నేనూ ఈల వేశాను. పైన తొమ్మిది చోట్ల మా ఆవిడ స్కూటర్ తిప్పుతోంది.