ఊరికే వచ్చే కరెంటు

"కరెంటు ఏడ దొరికిందో నాకు చెప్పకు. లోడుకు పోయేముందు బండి మాత్రం ఫుల్ ఉండాలె" అన్నాడు మహేశ్వర్.

డ్రైవర్ లింగస్వామి తల గోక్కున్నాడు. "ఊరికే ఎవరిస్తరు సార్?"

"బాయి మోటర్లకు ఫ్రీ కరెంటే గదా. జర తెలివి వాడు."

సూర్యాపేటలో మహేశ్వర్‌ది లారీల వ్యాపారం. మఠంపల్లి సిమెంటు మోయడానికి ముచ్చటపడి కరెంటు లారీ కొన్నాడు. తిప్పలు కొన్నాక తెలిశాయి. కోదాడ దారిలో ఉన్న ఒక్క చార్జింగ్ పాయింటు కార్ల కొలతకు కట్టింది. లారీ మూతి లోపల పెడితే తోక హైవే మీద ఉంటుంది. మూడుసార్లు లోడుతో దారిలోనే ఆగిపోయింది. డీజిల్ లారీల వాళ్లు "నూకాల్నా అన్నా?" అని నవ్వుకుంటూ పోయారు.

లింగస్వామికి ఆ మాట చెప్పిన మర్నాటి నుంచి ఏ రోజు చూసినా బండి ఫుల్. మహేశ్వర్ మీసం తిప్పుకున్నాడు.

నెల తిరగకముందే ఇంకో పరేషాన్. పెన్‌పహాడ్‌లో అతనికి నాలుగెకరాల వరి ఉంది. పొట్ట మీదున్న పైరు. వోల్టేజీ చాలక మోటరు మూలుగుతోంది, ఇప్పటికే రెండుసార్లు కాలింది. మడి నెర్రెలు బారింది. ఇంకో వారం నీళ్లు పారకపోతే గింజ పట్టదు.

ఎవరో తన మోటరు లైనుకు వైరు తగిలించి కరెంటు గుంజుతున్నారనుకున్నాడు. అనుమానం పక్క చేను మట్టయ్య మీదికి పోయింది. గట్టు దగ్గర ఇద్దరికీ పాత తగాదా ఉంది.

"నా మోటరు కాడ వైరు తగిలించినవా, మట్టయ్యా?"

"నన్నడుగుతవేంది సేటూ? నీ మోటరు సంగతి నీకెరుక" అని మట్టయ్య తాపీగా బీడీ ముట్టించాడు.

ఆ పొగరుకు మహేశ్వర్‌కు ఒళ్లు మండింది. నేరుగా కరెంటాఫీసుకు పోయి ఫిర్యాదు రాసి సంతకం పెట్టాడు. "దొంగ ఎవడైనా సరే, కేసు కావాలె మేడం. వదలొద్దు" అని ఏఈ ఉమారాణికి మరీ మరీ చెప్పాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆమె లైన్‌మన్‌తో వచ్చింది. స్టార్టర్ డబ్బా తెరిస్తే లోపల్నుంచి చెయ్యి మందాన నల్ల వైరు. గట్టు పొంటి పోయి, మట్టయ్య గడ్డివాము చాటుకు తిరిగింది.

"సూసిండ్రా మేడం! ఇగ సాక్ష్యం కూడా అక్కర్లే!" మహేశ్వర్ గంతేసినంత పని చేశాడు.

మట్టయ్య బీడీ తియ్యలేదు. "గా చాటుకు గూడ పోయి సూడుండ్రి" అన్నాడు.

గడ్డివాము వెనక చెప్పుల చప్పుడైంది. టిఫిన్ డబ్బా మూత పెట్టుకుంటూ లింగస్వామి బయటికొచ్చాడు. మహేశ్వర్‌ను చూడగానే అతని ముఖం వెలిగిపోయింది.

"ఇంకో గంటల బండి ఫుల్ అయితది సార్! పరాయోళ్ల కరెంటైతే దొంగతనమయితదని, రోజూ మన మోటరుకే తగిలిస్తున్న."