చాయ్ తాగినంకనే చందా

"వద్దండీ, ఇప్పుడే తాగొచ్చినం" అనే మాట కరుణ నోటిదాకా వచ్చింది. పక్కనుంచి లక్ష్మీనర్సయ్య మోచేత్తో పొడిచాడు.

"తే బిడ్డా, రెండు చాయ్" అన్నాడాయన, గరిడేపల్లిలో ఆ ఇంటి వాకిట మంచం మీద సర్దుకుని కూర్చుంటూ. "జర మంచిగ మరగనియ్యి."

ఇల్లాలు లోపలికి వెళ్ళగానే కరుణ గుసగుసగా మొత్తుకుంది. "పెద్దనాయ్నా, పొద్దటి సంది ఇంటికో చాయ్! నా కడుపుల గడబిడ అయితంది."

"టీచరమ్మా, చాయ్ వద్దని చందా అడిగితే కరెంటు బిల్లుకొచ్చినట్టుంటది. తాగినంక అడిగితే సుట్టాలొచ్చినట్టుంటది. నీది గూడ నాకే ఇయ్యి. నేను తాగుత."

ఆ మాట నిజమేనని కరుణకు అనుభవమే. మిర్యాలగూడలో ఆమె పాఠాలు చెప్పే బడిలో రోజా అనే పిల్లకు పసితనంలోనే షుగరు జబ్బు వచ్చింది. రోజూ ఇన్సులిన్ పడాలి. కూలికి పోయే తల్లిదండ్రులకు అది మోయలేని బరువు. అటువంటి పిల్లల కోసం టీచర్లంతా కలిసి ఒక నిధి మొదలుపెట్టారు. మొదట్లో కరుణ ఒక్కతే తిరిగింది. గుమ్మంలోనే నిలబడి, మంచినీళ్ళు కూడా వద్దని, చేతిలో కాగితం పెట్టేది. "సూద్దాం తియ్ మేడం" అనేవాళ్ళు. ఆ చూడటమేదో ఎవరూ చూడలేదు.

ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన లక్ష్మీనర్సయ్య తనంతట తానే వచ్చి కలిశాక కథ మారింది. సూర్యాపేట చుట్టుపక్కల ఆయన బస్సెక్కని మనిషి లేడు. ఏ ఇంట కూర్చున్నా ముందు పాత ముచ్చట్లు, తర్వాత చాయ్, ఆఖరున చందా. ఒక ఇంట్లో చక్కెర తక్కువైందని వాళ్ళు నొచ్చుకుంటే, మళ్ళీ పోయించుకుని తాగి వాళ్ళ పరువు నిలబెట్టాడు.

ఇంత ఓపిక మా నాయనకు కూడా లేదు, అనుకుంది కరుణ.

తిరుగు ప్రయాణంలో ఆయనకు ఇంటి నుంచి ఫోనొచ్చింది. మాట్లాడి, మొహం వేలాడేశాడు.

"ఇగ రేపటి నుంచి నేను రాను బిడ్డా. ఇంటామె బందు పెట్టుమంటంది. ఎండల తిరిగి సన్నబడ్డనంట."

 కోదాడ వైపు ఊళ్ళన్నీ ఇంకా మిగిలే ఉన్నాయి. అవి కాకపోతే రోజా మందులు దసరా దాటి రావు.

"పెద్దమ్మతోని నేను మాట్లాడుత. ఇంటికి పోదాం పాండ్రి."

"వద్దొద్దు! ఆమె ఎవ్వరి మాటా ఇనది. ఫోన్ల మాట్లాడు."

"ఇంటికి పోయి కూసోని అడిగితేనే పనైతదని మీరే నేర్పితిరి గద?"



సూర్యాపేటలో ఇంటి ముందు ఆయన భార్య తిరుపతమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. కరుణ వెళ్ళి పక్కనే కూలబడింది.

"పెద్దమ్మా, పెద్దనాయ్న లేకుంటే కోదాడ దిక్కు రూపాయి పుట్టదు. ఒక్క నెల పంపు."

"గంతగనం ఏం జేస్తడు? ఇంట్ల చెంబు గూడ జరపడు."

"అయ్యో, గట్లనకు! ఆయన త్యాగం నీకు తెల్వదు."

వెనకనుంచి లక్ష్మీనర్సయ్య గట్టిగా దగ్గాడు. పొగిడితే సిగ్గుపడుతున్నాడనుకుని కరుణ ఇంకా హుషారైంది.

"ఎవరింట్ల ఏం పోసినా కాదనడు. నాకు కడుపు నొస్తదని నా చాయ్ గూడ ఆయనే తాగుతడు."

బియ్యంలో తిరుపతమ్మ చెయ్యి ఆగింది. "చక్కెరేసిన చాయేనా?"

"చిక్కటిది పెద్దమ్మా! ఒక ఊళ్ళె అయితే పాయసం పెట్టిండ్రు. నేను ముట్టలే. వాళ్ళ మనసు నొయ్యొద్దని ఆయనే రెండు గిన్నెలు తిన్నడు."

దగ్గు ఆగిపోయింది. కరుణ తిరిగి చూసేసరికి లక్ష్మీనర్సయ్య చెప్పులు వెతుక్కుంటున్నాడు.

తిరుపతమ్మ చేట పక్కన పెట్టి, కొంగు దులిపి లేచింది.

"కోదాడకు నీ వెంట నేనొస్త. గా చాయ్ ఏందో నేనే తాగుత."

"నువ్వెందుకు పెద్దమ్మా ఇబ్బంది పడుడు? ఆయనకు అలవాటైపాయె."

తిరుపతమ్మ మొగుడి వైపు ఒక్క చూపు చూసింది.

"ఈయనకు గూడ షుగరే బిడ్డా."