వద్దనే మనిషి

"బంగాళాదుంప వేపుడు, పెద్ద ప్లేటు," అన్నాడు రిటైరైన బస్సు డ్రైవరు.

సర్వరమ్మ చీటీ మీద రాసుకుని, మారు మాట్లాడకుండా వంటగదిలోకి వెళ్లింది. డ్రైవరు అటే చూస్తూ కూర్చున్నాడు.

రోజూ మధ్యాహ్నం అతను వేపుడు అడుగుతాడు. "షుగరు పెట్టుకుని వేపుడేంటి బాబాయ్?" అని ఆమె కసురుతుంది. ఉడికించిన కూరగాయలు తెచ్చి పెడుతుంది. ఏడాదిగా ఇదే వరస.

ఇవాళ వేపుడే వచ్చింది. అతను ముట్టుకోలేదు.

"చల్లారిపోతోంది బాబాయ్."

"ఇవాళ ఏమీ అనలేదేం?"

ఆమె గొంతు తగ్గించింది. "నిన్న మిమ్మల్ని కసరడం ఓనరు వినేశాడు. అడిగింది పెట్టక నీకెందుకీ డాక్టరీ అన్నాడు. ఇంకోసారి మీకు వద్దంటే, ఇక నన్ను పనిలోకి రావద్దన్నాడు."

"అయితే నేనే రానులేమ్మా." అతను ప్లేటు పక్కకు జరిపాడు.

"అదేంటి, అడిగిందే తెచ్చాగా! మీకిష్టమేగా?"

"నాకు వేపుడు పడదు. చిన్నప్పట్నుంచీ ముట్టను."

"మరి రోజూ అడుగుతారేం?"



"ఇంట్లో నేను రాళ్లు తిన్నా అడిగేవాళ్లు లేరమ్మా."

ఆమె గల్లా వైపు చూసింది. ఓనరు ఇటే చూస్తున్నాడు. ఆమె ప్లేటు లాక్కుంది.

"బుద్ధుందా బాబాయ్! ఈ వయసులో నూనె తాగి ఏం బాగుపడదామని?"

హోటలంతా తిరిగి చూసింది.

"సరేలేమ్మా, అరవకు," అన్నాడు డ్రైవరు, కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంటూ.