ముడి లేని వ్యాసం

కాలేజీకి పంపాల్సిన వ్యాసాన్ని మా సుధాలక్ష్మి ఇంగ్లీషులో రాసి, మన మాటల్లో నాకు వినిపించింది. సాయంత్రం ఆరింటికే గడువు. మగ్గం ఆపేసి, కూర్చోలేక నిలబడలేక ఇల్లంతా తిరుగుతున్నాను. వ్యాసంలో అన్నీ బహుమతులే, మార్కులే.

"బంగారంగా ఉంది పాపా! కానీ తెగిన దారం యాడ? ముడి లేకుండా గుడ్డ ఎవురు నేసినారు?"

"నిజంగానే రాయమంటావా నాయనా?"

"రాయి తల్లీ!"

అరగంటకు మళ్లీ చదివింది.

"పోయినేడు ఇదే కాలేజీ నుంచి సీటు ఇస్తామని ఫోన్ వచ్చింది. నన్ను అంత దూరం పంపలేక మా నాయన రాంగ్ నంబర్ అని పెట్టేసినాడు. నేను తలుపు వెనకే ఉండాను."

నా ఒక్కడికే తెలుసనుకున్నాను. ఏడాదంతా ఒక్క మాట అనలేదు నా బిడ్డ!

"తీసేయనా?" అంది.

"వద్దు. అట్లే పంపు."

రెండు నెలల తర్వాత విరుదునగర్‌లో నూలు కొని కోవిల్‌పట్టి బస్సెక్కాను. ఫోన్ మోగింది. సుధాలక్ష్మికి సీటు వచ్చిందట, ఇది ఆమె ఇంటి నంబరేనా అని కాలేజీ వాళ్లు అడిగారు. బస్సంతా తిరిగి చూసేలా లేచి నిలబడి అరిచాను.

"ఆమా సార్, అవును! కరెక్ట్ నంబరే! పోయినేడు కూడా ఇదే నంబరు సార్!"