గేటు తీసినవాడు

గేటు తీసింది వాచ్‌మనే. పదమూడేళ్లుగా దాన్ని మూసి ఉంచడానికే జీతం తీసుకుంటున్న మనిషి, ఆ ఉదయం గడియ లాగి, పక్కకు తప్పుకుని, "రండి" అన్నాడు.

బయట పేట జనం మూడొందల మంది ఉన్నారు. పన్నుల అధికారి అప్పుడే లోపలినుంచి ఫైలు చంకన పెట్టుకుని వచ్చి చెప్పిన మాట వాళ్లకింకా మింగుడు పడలేదు.

"ఈ ఇల్లు అయ్యగారిది కాదు. అద్దెకుంటున్నారు. పన్ను యజమాని కట్టాలి."

"ఇరవై రెండు గదుల్లో అద్దెకా! ఎవడా యజమాని?"

"చెప్పకూడదు. రూలు."

"బావమరిది పేర పెట్టుంటాడు" అన్నాడొకడు.

"కుక్క పేర పెట్టుంటాడు" అంది వంటామె. ఆ కుక్కకు వండిపెట్టేది ఆవిడే కాబట్టి ఆవిడ మాటకు విలువెక్కువ.

పెద్ద ఇళ్ల మీద పన్ను వసూలైతేనే పేటలో మూసేసిన ఆస్పత్రి తెరుస్తామన్నారు. వాచ్‌మన్ భార్యకు వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేయాల్సిన యంత్రం ఆ తాళం వెనకే ఉంది. ఆమె కాళ్లు అప్పటికే దిమ్మల్లా వాచాయి.

ఆ లెక్క అర్థం కావడానికి చదువక్కర్లేదు. వాచ్‌మన్‌కు వచ్చిన చదువల్లా సంతకం. అదీ అయ్యగారే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పించారు. సంతకం కింద గీత గీసి, గీత కింద రెండు చుక్కలు పెడితేగానీ అతనికి తృప్తి ఉండదు. జీతం కాగితం మీద అతను సంతకం పెట్టేలోపు వంటామె కిలో ఉల్లిపాయలు తరిగేసేది.

తోటలో ఉన్న గడ్డపార అందుకున్నాడు.

మొదట వాకిలి అద్దాలు. తర్వాత మెట్ల కటకటాలు. అడ్డొచ్చిన అయ్యగారి మేనేజరు చెయ్యి ఎండుకట్టెలా విరిగింది. ఎవరో తెరలకు నిప్పు పెట్టారు. హాల్లో వేలాడే బండెడు గాజు దీపం తెగి, కింద నిలబడ్డ రాళ్లు కొట్టే కూలీ నెత్తిన పడింది. పన్ను కట్టని ఇంటి దీపానికి కూడా పేదవాడి నెత్తే దొరికింది.

అయ్యగారు స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకున్నారు.

"నాది కాదురా ఈ ఇల్లు! ఎవడి కొంపో కూలుస్తున్నార్రా!"

"ఎవడిదైతే నాకేంటి! దొరకనీ, వాడి బుర్ర కూడా ఇలాగే పగలగొడతా!"

వాచ్‌మన్ గడ్డపార మూడో దెబ్బకు తలుపు చీలింది. అయ్యగారిని జుట్టు పట్టి ఈడ్చి, మూతిని తెల్లటి వాష్ బేసిన్‌కేసి కొట్టాడు. బేసిన్‌లో రెండు పళ్లు రాలాయి.

"అన్నా, చచ్చిపోతాడు, వదిలెయ్!" వంటామె అతని చెయ్యి పట్టుకుని వేలాడింది.

"మీ వదిన చస్తుంటే ఎవడాపాడే?"

పోలీసులొచ్చారు. దొరికినవాణ్ణి దొరికినట్టు బాదారు. వాచ్‌మన్ కనుబొమ చీలింది. చేతులు వెనక్కి కట్టి మెట్ల మీద కూలేశారు. వెనక ఇల్లు పొగలు కక్కుతోంది. సగం కప్పు లేదు.

"మిమ్మల్ని కొట్టినందుకు మీరు కేసు పెట్టొచ్చు" అన్నాడు ఇన్‌స్పెక్టర్ అయ్యగారితో. "ఇల్లు కూల్చినందుకు మాత్రం యజమాని రావాలి. పిలిపించండి."

అయ్యగారు మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నేలచూపులు చూశారు. "ఆయన్నెందుకండీ ఇందులోకి లాగడం... పాపం, నెమ్మదస్తుడు."

ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్లు మండింది. అక్కడే నిలబడ్డ పన్నుల అధికారి చంకలోని ఫైలు లాక్కుని, ఇంటి కొనుగోలు దస్తావేజు చివరి పేజీ తిప్పాడు.

వాచ్‌మన్ మోకాళ్ల మీద జరుగుతూ ముందుకొచ్చాడు.

"వాడి పేరేంటో నన్నూ చూడనివ్వండి సార్. జైల్లో తిట్టుకోడానికైనా పనికొస్తుంది."

ఇన్‌స్పెక్టర్ కాగితం అతని మొహం ముందు పెట్టాడు.

కొన్నవారి సంతకం కింద ఒక గీత, ఆ గీత కింద రెండు చుక్కలు ఉన్నాయి.