కెర్నల్ కాదు బాబూ, కల్నల్

“కెర్నల్ ఒప్పుకోవడం లేదండి,” అన్నాడు సందీప్, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా. “హెడర్లు కుదిరితే గానీ పని జరగదు.”

చెరువుగట్టు మీద షెడ్డులో విశ్వనాథరాజు గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. భీమవరం పక్కన ఎనిమిదెకరాల రొయ్యల చెరువు ఆయనది. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గగానే, నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే తిరిగే పెట్టె చేసిపెడతానని సందీప్ ఒప్పుకుని మూడు వారాలైంది. పెట్టెలో చిన్న కంప్యూటరుంది, చెరువులో సెన్సరుంది, రెండింటికీ మాటల్లేవు. చూస్తే మబ్బు వదలడం లేదు, మబ్బు పట్టిందంటే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. పనివాళ్ళు వంతులేసుకుని స్విచ్చులు వేస్తున్నారు. ఏ ఒక్కడి కన్ను మూతపడినా, వారంలో పట్టాల్సిన రొయ్యంతా తెల్లారేసరికి చచ్చి తేలిపోతుంది.

ఈ కెర్నల్ గొడవేంటని అడిగారాయన. సందీప్ ఓపిగ్గా, అంటే చిన్నపిల్లలకి చెప్పినట్టు, వివరించాడు. కంప్యూటర్ లోపల పెత్తనమంతా కెర్నల్‌దేనట. సెన్సర్ దానితో మాట్లాడాలంటే డ్రైవర్ అనే ప్రోగ్రాం రాయాలట. ఏ మాట ఎలా అడగాలో కెర్నల్ రాసిపెట్టుకున్న కాగితాల్లాంటివే హెడర్లట. ఏ కంప్యూటర్ కెర్నల్ దానిదేనట, ఒక కెర్నల్ కాగితాలు ఇంకో కెర్నల్ దగ్గర చెల్లవట.

రాజుగారికి శుభ్రంగా అర్థమైంది. మధ్యలో పెద్దమనిషొకాయన అడ్డం తిరిగాడు, ఆయన లెటర్‌హెడ్ మీద కాగితం కావాలి. అరవయ్యేళ్ళుగా రాజుగారు చూసిన పనులన్నీ ఇలాగే జరిగాయి మరి.

“కెర్నల్ కాదు బాబూ, కల్నల్ అనాలి,” అని దిద్దారు. “ఆ ముక్క ముందే చెప్పొద్దూ? మా బావమరిది కల్నలే.”

సందీప్‌కి నవ్వాగలేదు. అటు తిరిగి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో సంగతంతా పెట్టేశాడు. ఫస్ట్ క్లాసు ఇంజినీరునై ఉండి ఎలాంటివాళ్ళ పాలబడ్డానురా దేవుడా అని తనమీద తనే జాలిపడ్డాడు. ఆ తర్వాత తన లాప్‌టాప్‌లో తయారైన డ్రైవర్‌ని మరోసారి పెట్టెలోకి ఎక్కించాడు. పెట్టె మరోసారి తోసేసింది. సెన్సరే నాసిరకమండీ అన్నాడు, ఆ పూటకి నాలుగోసారి.

రాజుగారు అప్పటికే రామచంద్రపురానికి ఫోన్ కలిపారు. బావమరిది శ్రీనివాసరాజు గారు సైన్యంలో సిగ్నల్స్ విభాగం నుంచి రిటైరై అక్కడ కొబ్బరితోట చూసుకుంటున్నారు.

“బావా, ఎవరో కల్నల్ ఒప్పుకోవడం లేదంట. నీ మాట ఒకటి పడాలి,” అని మొదలెట్టి పెట్టె గురించీ, సెన్సర్ గురించీ, హెడర్ల గురించీ విన్నది విన్నట్టు అప్పజెప్పారు. అవతలాయన అంతా విని, ఫోన్ కుర్రాడికి ఇమ్మన్నారు.

సందీప్ పెదవి కొరుక్కుంటూ అందుకున్నాడు. ఇంత వినోదం ఒక్కడే అనుభవించడం న్యాయం కాదనిపించి, పనివాళ్ళకి కూడా వినబడేలా స్పీకర్ నొక్కాడు. వినయంగా నమస్తే సార్ అన్నాడు.

అవతలి గొంతు నెమ్మదిగా అడిగింది.

“హెడర్లు ఆ పెట్టె కెర్నల్‌వా, నీ లాప్‌టాప్ కెర్నల్‌వా బాబూ?”