జగ్గారావు సంతకం

“అడుగున తమరి సంతకం ఉంది గదా బాబూ, పైనేటి రాసేరో సదివి సెప్పండి,” అంటూ నారాయణమ్మ కాగితం చాపింది.

చింతపండు కొట్లో తక్కెడ పక్కన పెట్టి జగ్గారావు కాగితం అందుకున్నాడు. సంతకం తనదే. పైనున్నదంతా ఒడియా. కౌన్సిలు వాళ్ళు ఊరి పెద్దల్లోంచి ఏరి వేసిన రోడ్ల సలహా సంఘంలో ఆయనొక మెంబరు. జీతం లేదు, భత్యం లేదు. కానీ ‘మెంబరుగారూ’ అన్న పిలుపుంది చూశారూ, మనిషిని పాడు చెయ్యడానికి అదొక్కటీ చాలు! ఈ జిల్లా ఒరిస్సాలో కలిసి ఇరవయ్యేళ్ళు దాటింది, ఆఫీసు కాగితాలన్నీ ఒడియాలోనే. లక్ష్మీపూర్ సంతలో చింతపండు బేరం ఒడియాలో గడగడా ఆడతాడు, అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. మీటింగులో గుమాస్తా ఏ కాగితం తోస్తే దాని మీద సంతకం గీకి, టీ తాగి రావడమే.

రాదని చెప్పేద్దామంటే కొట్లో నలుగురు బేరగాళ్ళున్నారు. పరువు అడ్డొచ్చింది.

“ఏటీ లేదప్పా. పాకల ముందు సుబ్బరంగా తుడుసుకోమని రాసేం.”

“అంతేనా బాబూ? నాకా ఇడ్లీ పాక తప్ప ఇంకేటీ లేదు.”

“నేనుండగా నీకేటి బయం? ఎళ్ళు!”

మర్నాటి నుంచి స్టేషను రోడ్డులో ఆ పాక ముందు రోజుకి మూడుసార్లు ఊడుపు, కళ్ళాపి. నారాయణమ్మ మనవరాలు కస్తూరి ముగ్గేస్తుంటే, అటుగా వెళుతూ “ఏటమ్మీ, బాగున్నావా?” అన్నాడు జగ్గారావు. ఆ పిల్ల తలెత్తలేదు.

ఎనిమిదో రోజు పాక పీకేశారు. కబురు తెలియగానే జగ్గారావు కౌన్సిలాఫీసుకి పరిగెత్తాడు.

“ఎవర్నడిగి పీకేరు?”

గుమాస్తా వింతగా చూసి, ఆ కాగితం నకలు తీసి పైకి చదివాడు. ‘రోడ్డు వెడల్పు కోసం పాక తీసేయాలి. ఏడు రోజుల్లో అర్జీ పెట్టుకున్నవారికి సంతలో చోటిస్తాం.’ చెవిన పడితే ప్రతి మాటా అర్థమైంది!

“ఆవిడ అర్జీ పెట్టలేదండి. ఉన్న చోట్లన్నీ నిన్నటితో ఇచ్చేశాం. అయినా మీ సంఘం సలహాయే కదండీ ఇది?”

సిగ్గుతో చచ్చిపోయాడు జగ్గారావు. కాళ్ళీడ్చుకుంటూ స్టేషను రోడ్డుకెళ్ళాడు. పగిలిన పొయ్యి పక్కన నారాయణమ్మ, ఆమెని ఆనుకుని కస్తూరి కూర్చునున్నారు.

“అప్పా, తప్పంతా నాదే. ఆ కాగితం నేను సదవలేదు. నాకు ఒడియా సదవడం రాదు.” ఎలాగో అనేశాడు.

తిడుతుందనుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు. నారాయణమ్మ మనవరాల్ని దగ్గరకి లాక్కుని దాని చెంప నిమిరింది.

“ఇది బళ్ళో ఒడియాయే సదూతోంది బాబూ. తమరు సెప్పిన పొద్దే కాగితమంతా సదివి సెప్పింది. మెంబరుబాబు కన్నా నీకెక్కువ తెల్సేటే, అబద్ధాలాడతావా అని, ఈ సెంప వాసిపోయీలాగ కొట్టేను.”